ఎత్తయిన తొట్టి – పైనీటి చేప

అమెజాను సిక్లిడ్ అయిన ఏంజెల్ చేపకు ఎత్తయిన తొట్టి కావలెననుట నిజమే. కాని పైభాగము ఖాళీగా నున్నదని అందు పైనీటి చేపలను నింపుమను సలహా సరికాదు. వానికి కావలసినది ఎత్తు కాదు, నీటి ఉపరితలము. 60×30×30 సెం.మీ. తొట్టిలో పట్టునది 54 లీటర్లు. నిలువుగా నుంచిన ఉపరితలము 900 చ.సెం.మీ.; అడ్డముగా నుంచిన 1800. బయటి ప్రాణవాయువు నీటిలోనికి చేరునది ఆ ఉపరితలము ద్వారానే. వేడెక్కిన నీటిలో అది తక్కువగా కరగును గనుక కారంపూడి వేసవిలో పాఠశాలల తొట్లకీ లెక్క ముఖ్యము.

జాతి ఎన్నికయు చూడవలెను. గప్పీ పిల్లలను ఏంజెల్ మ్రింగును. మన దేశపు పాంచాక్స్, నడినెత్తిన తెల్లచుక్క గలది, పెద్దదైనచో మేలు. అది ఎగిరి దూకును గనుక మూత తప్పదు. “ఏ పొరలో ఈదును?” అనుటకు ముందు “నోటిలో పట్టునా? ఉపరితలము చాలునా?” అని విద్యార్థి అడుగవలెను.