నీలం మగ్గు

పోయిన ఆదివారం కొడలలో మా తోడల్లుడి ఇంటికి వెళ్లాను. వాళ్లబ్బాయి కళ్లికోట ఆర్ట్ కాలేజీలో చదువుతున్నాడు. "ఇది చూడండి పెదనాన్నా" అంటూ గోడకు ఆనించిన కాన్వాసు ఇటు తిప్పాడు. చద్దన్నం గిన్నె, రెండు ఉల్లిపాయలు, నీలం ప్లాస్టిక్ మగ్గు. పిడి విరిగితే పాత చీర పేలికతో కట్టారు.

ప్లాస్టిక్ అంటే నాకెంత మంటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. "ఇత్తడి చెంబు దొరకలేదుట్రా? వంగే ఇత్తడి చేపలు చేసే బెళ్లగుంఠ మన జిల్లాలోనే కదా ఉంది!" అన్నాను.

"చెంబు అటక మీదుంది. నీళ్లు ముంచుకునేది దీంతోనే" అన్నాడు.

దాంతో బరంపురంలో మా అమ్మ గుర్తొచ్చింది. ఒక వేసవి మధ్యాహ్నం స్టీలు సామాన్లవాడు వీధిలోకొస్తే, తాతలనాటి ఇత్తడి గంగాళం తూకానికిచ్చి నాలుగు గిన్నెల క్యారియరు తీసుకుంది. ఇరుగుపొరుగు అమ్మలక్కలంతా వచ్చి మూతలో మొహాలు చూసుకున్నారు. చింతపండు రుద్దీ రుద్దీ అరిగిపోయిన వేళ్లతో అమ్మ ఆ మూతను కొంగుతో తుడిచి, మళ్లీ తుడిచింది. ఆ గంగాళం కోసం నేను నలభై ఏళ్లుగా ఏడుస్తూనే ఉన్నాను, ఈ కాలమ్‌లోనూ. అమ్మ ఒక్కరోజూ ఏడవలేదు. తోమింది ఆవిడ మరి!

నేను ఎప్పుడూ వెనకేసుకొచ్చే చిత్రకారుడు షార్డాన్ సంగతే చూడండి. ఫ్రెంచి చిత్రకళా అకాడమీ వస్తుచిత్రాలను అన్నిటికన్నా కింది మెట్టు మీద కూర్చోబెట్టిన రోజుల్లో, 1728లో, వాటితోనే లోపలికి వెళ్లినవాడు. 1760 ప్రాంతంలో గ్లాసుడు నీళ్లు, వెల్లుల్లిపాయలు, పక్కన కాఫీ కూజా పెట్టి బొమ్మ వేశాడు. మనకిప్పుడు ఆ కూజా పురాతన వస్తువు. ఆయనకు మాత్రం వంటింట్లో రోజూ చేతికి తగిలే సామాను. కాఫీ అలవాటే అక్కడ అప్పటికి నూరేళ్ల నాటిది.

మళ్లీ కాన్వాసు ముందు కూర్చున్నాను. గంజినీళ్ల అంచున సన్నగా నీలం నీడ. మగ్గుదే. ఇత్తడి చెంబు పెట్టి ఉంటే పసుప్పచ్చ మెరుపొకటి పడేది, నేను మురిసిపోయేవాణ్ని, ఈ నీలాన్ని చూసేవాణ్నే కాదు.

"పేలిక ముడి తేడాగా ఉందిరా" అన్నాను. వాడు ఒక ముడే వేశాడు. మా మరదలు ఏది కట్టినా రెండు ముళ్లు వేస్తుంది.

వాడు వంటింట్లోకెళ్లి మగ్గు తెచ్చాడు. రెండే.