కరువుకి ఏడాది పేరు, ఉప్పెనకి ఊరి పేరు

2023 డిసెంబరు 5న తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మర్నాడు సాయంత్రానికి గానీ మా మేనమామ ఫోను కలవలేదు. ఆ చుట్టుపక్కలే ఊరు, నాలుగెకరాల కౌలు సేద్యం. "ఇంతకీ దీని పేరేంట్రా? పేపర్లో మిచౌంగ్ అని రాశారు, టీవీలో మిగ్‌జాం అంటున్నారు" అని అడిగాడు. మయన్మార్ వాళ్లు ఇచ్చిన పేరనీ, పదమూడు దేశాలు కలిసి ముందే జాబితా రాసి పెట్టుకుంటాయనీ చెప్పాను. "ఏ దేశమైతే ఏంలే. కోసిన పనలు మూడెకరాలవి నీళ్లలో ఉన్నాయి. ఎకరం నిలబడి ఉందిగదా అనుకున్నా, అదీ పడిపోయింది" అన్నాడు.

ఫోను పెట్టేశాక కూడా ఆ పేర్ల సంగతి నన్ను వదల్లేదు. మన పెద్దవాళ్లు కరువుకి ఏడాది పేరు పెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది నందన కరువు. 1876లో మొదలై రాయలసీమని తినేసింది ధాత కరువు. ఆ ఏళ్ల పేర్లు అరవయ్యేళ్లకోసారి మళ్లీ వస్తాయి. కరువు కూడా మళ్లీ వస్తుందన్న ఎరుక ఆ పేరు పెట్టడంలోనే ఉందేమో. ఉప్పెనకి మాత్రం ఊరి పేరే పెట్టారు. 1977 నవంబరు 19 అంటే దివిసీమ, అంతే. ఇక హుద్‌హుద్, తిత్లీ, మిచౌంగ్ లాంటి ఇప్పటి పేర్లలో మన కాలమూ లేదు, మన చోటూ లేదు.

పేర్లలో ఉన్న ఈ తేడా మన కథల్లోనూ ఉందా అని వెతకబోయి రెండు పుస్తకాలు తీశాను. ఒకటి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. రెండోది ఈమధ్యది. రెండూ నాకిష్టమైనవే. అయినా ఈసారి చదివితే రెండిట్లోనూ ఒకే ఇబ్బంది కనిపించింది. ఆ ఇబ్బంది గురించే ఈ నాలుగు మాటలు.

మొదటిది పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. దాని గురించి మనం చెప్పుకునేదంతా రావుగారి గురించే. విలువల మీద, నియమాల మీద ఒక జీవితం కట్టుకున్న పెద్దమనిషి రైల్లో ఒక ముష్టిదాన్ని చూసి చిరాకు పడతాడు. గాలివానలో రైలు దిగి, స్టేషన్లో చిక్కుకుపోతాడు. ఆ రాత్రి ఆయన కట్టుకున్నవన్నీ కూలిపోతాయి. మిగిలింది ఒక ఒంటికి ఇంకో ఒంటి వెచ్చదనం. తెల్లవారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది. బయటి గాలివాన లోపలి గాలివానకి ప్రతీక అని మేమంతా పరీక్షల్లో రాసినవాళ్లమే.

ఈసారి చదువుతుంటే నా కళ్లు రావుగారి మీద నిలవలేదు. ఆ రాత్రి ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఆ కథలో ఒక్కతే ఉంది, ఆ ముష్టిది. ఎక్కడ కూచోవాలో, వణికిపోతున్న మనిషిని ఎలా పట్టుకోవాలో, భయం పోవడానికి ఏం మాట్లాడాలో ఆమెకి తెలుసు. రావుగారి చదువులో అవేవీ లేవు. మరి ఆమెకి ఎలా తెలిశాయి? అంతకుముందు ఎన్ని గాలివానలు ఆమె ఎక్కడెక్కడ గడిపింది? కథ అటువైపు వెళ్లదు. ఆమె తెలివి రావుగారి మార్పుకి పనికొచ్చి, అక్కడితో అయిపోతుంది. పద్మరాజుగారు చెప్పదలుచుకున్నది ఒక మనిషి లోపలి సంగతి, దాన్ని ఆయన చెప్పినట్టు చెప్పినవాళ్లు తక్కువ. కాబట్టి ఇది కథలో లోపం అనను. అయితే ఆ కథని తలమీద పెట్టుకున్న డెబ్భై ఏళ్లలో మనం పాఠకులుగా ఒక అలవాటు నేర్చుకున్నాం. గాలివాన అంటే ఒక రాత్రి, ఒక మనిషికి పెట్టిన పరీక్ష. తెల్లారితే కథ అయిపోతుంది. మా మేనమామకి అసలు కథ తెల్లారాకే మొదలైంది.

కరువు ఒక్క రాత్రిలో అయిపోదు కాబట్టి కరువు కథకి ఈ చిక్కు ఉండకూడదు. నిజంగానే చాలావరకు లేదు. 1950ల్లో విద్వాన్ విశ్వం రాసిన 'పెన్నేటి పాట'లో రంగన్న, గంగమ్మల దగ్గర్నుంచి చూసుకుంటే సీమ రచయితలు కరువుని ఏళ్ల తరబడి సాగే బతుకుగానే రాశారు. కేతు విశ్వనాథరెడ్డిగారి 'నమ్ముకున్న నేల', సింగమనేని నారాయణగారి 'జూదం', బండి నారాయణస్వామి 'వానరాలే'. ఆ పేర్లు చాలు. వేరుశనగ గింజ భూమిలో వెయ్యడం పేకముక్క వెయ్యడంలాంటిదని ఒక్క మాటలో చెప్పిన శీర్షిక 'జూదం'. వాళ్లు ఊరికే ఏడవలేదు. నీళ్లెందుకు రావడంలేదో, ఎవరి నిర్లక్ష్యంవల్ల రావడంలేదో గట్టిగా అడిగారు. ఆ అడగడం వల్లే సీమ కథకి ఒక గొంతు వచ్చింది. ఐతే విమర్శకులం మాత్రం ఆ కథల్లో దుఃఖాన్నే ఎత్తి చూపించాం. "కరువుని కళ్లకు కట్టారు" అని రాసేసి ఊరుకున్నాం. ఆ కథల్లోని మనుషులు కరువులో ఏం చేస్తారు, పొద్దున లేస్తే వాళ్ల పనేమిటి అన్నది మనకి పట్టలేదు.

ఆ పనిని నడిమధ్యలో పెట్టిన నవల సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. తానా నవలల పోటీలో బహుమతి పొంది 2019లో వచ్చింది. పేరే ఒక పని పేరు. వానల్లేక ఊళ్లో గడ్డీ నీళ్లూ కరువైనప్పుడు గొర్రెల మందల్ని నల్లమల కొండల్లోకి తోలుకుపోయి, వానలు పడేదాకా అక్కడే మేపుకోవడాన్ని కొండపొలం పోవడం అంటారు. ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చిన రవి తండ్రితోబాటు ఆ మంద వెంట వెళతాడు.

ఈ నవల్లో కరువు ఒక దృశ్యంగా కాదు, రోజువారీ నిర్ణయాల రూపంలో కనిపిస్తుంది. ఈ పూట మందని ఎటు తోలాలి? నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయి, అక్కడికి పులి కూడా వస్తుందా? రాత్రి కావలి ఎవరిది? వెనకబడ్డ గొర్రె కోసం ఆగాలా, మిగతా మందని చూసుకోవాలా? వీటిలో ఏ ఒక్కటి తప్పినా నష్టం వెంటనే తెలుస్తుంది. మబ్బుని, గాలిని, జంతువు అడుగుని చదవగల ముసలివాళ్లు రవి కన్నా పెద్ద చదువరులని రచయిత ఎక్కడా ఉపన్యాసం ఇవ్వడు, చూపిస్తాడు. కడప జిల్లా గొల్లల మాట ఆయన చేతిలో అలంకారం కాదు, పనిముట్టు. ఒక్కో చెట్టుకీ, వాగుకీ, గొర్రె రోగానికీ ఆ మాటే లేకపోతే ఆ పని ఎలా చేస్తారో మనకి తెలిసేదే కాదు. తెలుగులో కరువుని ఎదుర్కోవడం గురించి ఇంత వివరంగా రాసిన నవలలు అరుదు.

ఇక ఇబ్బంది సంగతికి వస్తాను. అడవి రవికి ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యం అతన్ని అటవీ శాఖ ఉద్యోగం దాకా తీసుకెళుతుంది. చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది. పుస్తకం మూసి పక్కన పెట్టాక మాత్రం రావుగారు గుర్తొచ్చారు. అక్కడ గాలివాన, ఇక్కడ కరువు. రెండుచోట్లా వాతావరణం ఒక బడి. దాంట్లో పాసయ్యేది చదువుకున్న మగవాడు. పాఠం చెప్పిన వాళ్లు, అంటే ఆ ముష్టిది, ఈ కాపరులు, అక్కడే ఉండిపోతారు. మంద వానల తర్వాత ఊరికి తిరిగొచ్చింది, బాగుంది. వచ్చే ఏడు మళ్లీ వాన రాకపోతే? కథ అడవి వెంటే నడవడంతో, ఊళ్లో మిగిలినవాళ్ల కరువు కూడా మనకి దూరం నుంచే వినిపిస్తుంది. క్రిష్ తీసిన సినిమా ఈ బడి పద్ధతినే ఇంకా పెంచింది. పైగా ఒక ప్రేమకథ చేర్చింది. మంద వెనక్కి జరిగింది, హీరో ముందుకొచ్చాడు.

ఆ సినిమా 2021 అక్టోబరు 8న విడుదలైంది. సరిగ్గా ఆరు వారాలకి, నవంబరు 19న, అదే కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. బంగాళాఖాతంలో వాయుగుండం, ఎడతెరిపి లేని వాన, పైనుంచి వచ్చిన వరద. రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మునిగాయి. మనుషులు పోయారు, పొలాల మీద ఇసుక మేట వేసింది. తారీఖు చూడండి. దివిసీమ ఉప్పెన వచ్చిన రోజే, నలభై నాలుగేళ్ల తర్వాత. యాదృచ్ఛికమే, దాన్నుంచి నేనేమీ లాగను. కానీ సీమకి కరువు, కోస్తాకి తుఫాను అని మన సాహిత్య విమర్శ గీసుకున్న పటం ఆరోజు తడిసిపోయింది. వాన కోసం నల్లమల ఎక్కిన జిల్లాలోనే చలికాలపు వాన ఊళ్లని తోసుకుపోయింది. దానికి మన దగ్గర కథ లేదు. కరువు కథ రాసే చేతికి వరద అలవాటులేదు. గాలివాన కథకేమో తెల్లారాక ఏం జరిగిందన్నది అలవాటులేదు.

తెల్లారాక ఏం జరుగుతుందో మా మేనమామ ఆ పదిహేను రోజులూ ఫోన్లో చెబుతూ వచ్చాడు. ముందు చేలోంచి నీళ్లు పోవడానికి బోదె తవ్వాలి. అందరి నీళ్లూ ఒకే మురుగు కాలువలోకి పోవాలి, అది పూడిపోయి ఉంది. తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీళ్లకి యాభై గ్రాముల లెక్కన ఉప్పు కలిపి కొట్టాలి. పనల్ని తిరగెయ్యాలి. తిరగేసేందుకు కూలీలు దొరకరు, ఊరంతటికీ ఒకేరోజు కావాలి కదా. పడిపోయిన ఎకరం కొయ్యాలంటే మామూలు మిషను దిగబడుతుంది, చైను మిషనే రావాలి, దానికి గంట బాడుగ ఎక్కువ. నూర్చాక ధాన్యం రోడ్డు మీద ఆరబోసి రాత్రిళ్లు కాపలా పడుకోవాలి. తేమ పదిహేడు శాతం లోపు ఉంటేనే కొంటారు. ఆయన పొద్దున చూపిస్తే ఒక అంకె, మధ్యాహ్నం ఇంకోచోట చూపిస్తే ఇంకో అంకె.

ఇంత పనిలో ఎంత తెలివి ఉందో, 'కొండపొలం' కాపరుల తెలివికి ఏమీ తీసిపోదు. ఇందులో పులి లేదు, అంతే. కాకపోతే ఇంకోటి ఉంది, ఖర్చు. నష్టపరిహారం రాయించుకోవాలంటే కౌలు కార్డు కావాలి. కార్డుకి భూమి ఉన్నాయన సంతకం కావాలి. ఆయన పెట్టడు, పెడితే భూమి పోతుందని భయం. పంట పోయినా మాట్లాడుకున్న కౌలు బస్తాలు మాత్రం ఇవ్వాల్సిందే. "మరి ఏం చేస్తావు మావయ్యా?" అంటే, "ఏం చేస్తాం, దాళ్వాకి నీళ్లిస్తారేమో చూడాలి" అన్నాడు.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. ఎదుర్కొనే తెలివి గురించి రాయమంటే, 'మన రైతు ఎంత తుఫానునైనా తట్టుకుంటాడు' అనే పొగడ్త సాహిత్యం తయారవదా? ప్రభుత్వాలకి అంతకంటే కావలసింది ఏముంది? సీమ రచయితలు దుఃఖాన్నే పట్టుకోవడానికి ఈ జాగ్రత్త కూడా కారణమే అయ్యుండొచ్చు. నా జవాబు ఇది: తట్టుకోవడాన్ని రాస్తే దాని ఖరీదుతో సహా రాయాలి. ఎన్ని రాత్రులు రోడ్డు మీద పడుకున్నాడు, మిషను బాడుగ ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, ఆ అప్పు తీర్చడానికి ఇంట్లో ఏది పోయింది, అత్తయ్య నడుంనొప్పి మందులు ఎన్నాళ్లు ఆగాయి. లెక్క లేకుండా తెలివిని మెచ్చుకుంటే అది పొగడ్త. తెలివి లేకుండా నష్టాన్నే చెబితే అది జాలి. రెండూ కలిసిన కథని ఎవరూ సులువుగా మెచ్చుకుని పక్కన పెట్టలేరు.

ఇంకో సంగతి. వాతావరణం మనిషికి పాఠం చెబుతుందన్న కథకి ఒక ఊహ ఆధారం. పరీక్ష ఒకసారి జరుగుతుంది, తర్వాత మామూలు రోజులు వస్తాయి. 'గాలివాన' నాటికి ఆ ఊహ సరిపోయిందేమో. ఇప్పుడు కార్తెలు నమ్ముకుని విత్తనం వేస్తే జూన్లో పడాల్సిన వాన రాదు, కోతల మీద డిసెంబరులో వస్తుంది. కరువుకీ తుఫానుకీ మధ్య ఒక్క పంటకాలం కూడా ఖాళీ దొరకడంలేదు. పాసైనవాడు బడి వదిలి ఉద్యోగానికి వెళ్లిపోయే ముగింపు ఇక ఈ బతుకులకి అమరదు. మళ్లీమళ్లీ వచ్చేదాన్ని రాయడానికి మళ్లీమళ్లీ చేసే పనిలోంచే ఒక కథారూపం రావాలి. 'కొండపొలం' నడిమి భాగంలో, మంద వెంట నడిచే ఆ పేజీల్లో, దాని నమూనా ఉందని నా నమ్మకం. ముగింపులో మాత్రం లేదు.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు మావయ్యని అడిగాను, 2023 తుఫాను పేరు గుర్తుందా అని. కాసేపు ఆలోచించి, "అదేరా, ఉప్పు కొట్టిన ఏడు" అన్నాడు.

వాళ్లింకా ఏడాదికి పేరు పెడుతూనే ఉన్నారు. ఈసారి పేరు నష్టానిది కాదు, పనిది. మన కథలు ఆ పేరు దగ్గర మొదలైతే బాగుంటుంది.