రూఫ్ తట్టి వినే మనిషి

గోదావరిఖని భూగర్భ గనుల్లో పనిమంతుడెవరని అడిగితే చాలామంది యంత్రం నడిపేవాడి పేరు చెబుతారు. నా ఓటు మాత్రం మైనింగ్ సర్దార్‌కే. అతను ఒక్క బొగ్గు పెళ్ల కూడా ఎత్తడు. కానీ అతను చూసి సరేనన్నాకే మిగతావాళ్లు ఫేస్ (బొగ్గు తీసే చోటు) దగ్గరికి వెళ్లాలి.

ఆ చూపులో ఉన్న పనితనం ఎంతని చెప్పాలి! ముందు రూఫ్. చేతికర్రతో తట్టి చెవి పెడతాడు. కుండ కొనేవాళ్లు వేలితో తట్టి చూసుకున్నట్టే ఇదీ. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన చోట వదులు రాయిని దించేయాలి, లేదంటే కింద సపోర్టు పెట్టించాలి. రెండూ కుదరకపోతే ఆ దారికి అడ్డం కట్టి ఎవరినీ పోనివ్వకూడదు. పాత సపోర్టుల మీద బరువు పెరిగిందా, సైడ్లు పగిలాయా, గాలి రావాల్సినంత వస్తోందా అన్నవి కూడా అతనే చూడాలి. చూసిన చోటల్లా సుద్దతో తేదీ వేసి పొడి సంతకం పెడతాడు. బయటికొచ్చాక చూసిందంతా రిపోర్టు పుస్తకంలో రాస్తాడు. ప్రమాదం జరిగితే విచారణలో ముందు తెరిచేవాటిలో ఆ పుస్తకం ఒకటి. చదువు ఎక్కువ లేని రోజుల్లో కూడా సర్దార్లు ఆ నాలుగు వాక్యాలు రాయడం పట్టుదలగా నేర్చుకున్నారు.

తర్వాత గ్యాస్. మీథేన్‌కు రంగూ వాసనా లేవు. 1815లో హంఫ్రీ డేవీ ఇంగ్లండులో గనుల కోసం చేసిన దీపం, ఆ కనిపించని గ్యాస్‌ను కనిపించేట్టు చేసింది. వత్తిని బాగా తగ్గిస్తే మంట చుట్టూ లేత నీలి టోపీ ఒకటి ఏర్పడుతుంది. దాని ఎత్తును బట్టి గాలిలో మీథేన్ ఎంత శాతం ఉందో చెప్పాలి. ఇప్పుడు అంకె చూపే మీటర్లు వచ్చాయి. అయినా గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ కోసం తరతరాల కార్మికులు ఆ నీలి టోపీని చూసి శాతం చెప్పడం సాధన చేశారు. 1.25 శాతానికి చేరితే కరెంటు ఆపి మనుషులను వెనక్కి పిలవాలి. అక్కడ కంటికి అనుమానం ఉండకూడదు.

ఈ పనితనం ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు. నేను మెచ్చేది ఇక్కడే. సింగరేణి బొగ్గు కంపెనీలో బదిలీ వర్కర్‌గా చేరిన కుర్రాడు ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు నింపితే జనరల్ మజ్దూర్‌గా పర్మినెంట్ అవుతాడు. ఆ మెట్టు హాజరుతో ఎక్కవచ్చు. ఆ పైన కేవలం హాజరు చాలదు. సర్దార్ కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. దానికి ముందు గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు, భూగర్భ అనుభవం ఉండాలి. ఆ తర్వాత ఓవర్‌మన్, రెండో తరగతి మేనేజర్, మొదటి తరగతి మేనేజర్. ఒక్కో మెట్టుకు ఒక్కో పరీక్ష. నైట్ షిఫ్ట్ చేసొచ్చి కళ్లు మండుతున్నా పుస్తకం ముందు కూర్చునేవాడే ఆ మెట్లు ఎక్కగలడు. అప్లికేషన్ పెట్టేదీ, ఫీజు కట్టేదీ, సీనియర్ ఓవర్‌మన్ వెంట తిరిగి అడిగి తెలుసుకునేదీ అతనే. కంపెనీ ట్రైనింగ్ ఇస్తుంది. అడిగి నేర్చుకోవాలన్న కోరిక ఎవరికి వారికే పుట్టాలి.

నాయకత్వం మాట కూడా చెప్పాలి. షిఫ్టులో టార్గెట్ ఉంటుంది, పైనుంచి ఫోన్లు వస్తాయి. ఆ ఒత్తిడిలో "ఇక్కడ ఇవాళ పని లేదు, అందరూ బయటికి రండి" అనగలిగే అధికారం చట్టం సర్దార్‌కు ఇచ్చింది. అధికారం కాగితం మీద ఉంటే చాలదు, నోరు పెగలాలి. పెగలాలంటే తన చెవిమీదా కంటిమీదా తనకు నమ్మకముండాలి. అందుకే ఈ పనిలో నేర్పునూ నాయకత్వాన్నీ నేను విడదీసి చూడలేను.

గనిలో భద్రత విలువ గోదావరిఖనికి మరొకరు చెప్పాల్సిన పని లేదు. 2003 జూన్‌లో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో రూఫ్ కూలి పదిమంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో రూఫ్ కూలి ముగ్గురు మరణిస్తే, వారిలో ఒకరు ఏరియా సేఫ్టీ అధికారి. భద్రత చూసేవాడు ప్రమాదానికి దూరంగా ఉండి పని చేయలేడు.

సర్దార్ నుంచి మేనేజర్ దాకా నేను చెప్పిన మెట్లు ఇప్పుడు ఆడపిల్లలకూ తెరుచుకున్నాయి. సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో మహిళలు భూగర్భంలోకి వెళ్లడానికి కేంద్రం 2019లో అనుమతించింది. సింగరేణి కార్మికుడి కూతురు, కొత్తగూడెంలో మైనింగ్ చదివిన సంధ్య రసకట్ల రెండో తరగతి మేనేజర్ సర్టిఫికెట్ సాధించి, 2021 నాటికి రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ భూగర్భ గనిలో మేనేజర్ బాధ్యతలు చేపట్టారు. ఆమె కూడా పరీక్ష రాసే ఆ మెట్టు ఎక్కారు.

ఇవాళ కారుణ్య నియామకాల్లో తండ్రి ఉద్యోగంలోకి వస్తున్న కుర్రాళ్లలో డిగ్రీలు, బీటెక్‌లు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంత చదివి బదిలీ వర్కర్‌గా చేరామని కుంగిపోయేవాళ్లూ ఉన్నారు. తమ్ముడూ, ఆ బాధలో నిజముంది, కాదనను. కానీ పైకి వెళ్లే దారి నువ్వు దిగే బాయిలోనే ఉంది. ఈ ఏడాది మస్టర్లు నింపుతూనే ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తెచ్చుకో, గ్యాస్ టెస్టింగ్‌కు అప్లై చెయ్. నీ షిఫ్టులో రూఫ్ తట్టే సర్దార్ పక్కన నిలబడి, ఆ శబ్దం నీకూ వినిపించేదాకా అడుగుతూనే ఉండు.