పోతులొక జట్టు, పెట్టలొక జట్టు

ఇంటి కప్పుకు రెండు వందల అడుగుల పైన ఇరవై పావురాలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఒకదాని రెక్క ఇంకొకదానికి తగులుతుందేమోనన్నంత దగ్గరగా. మలుపు దగ్గర పదిహేను పక్షులు ఒక్కసారే వెనక్కి విరుచుకుని పిల్లిమొగ్గలేస్తూ కిందికి దిగాయి. మొగ్గకీ మొగ్గకీ మధ్య సందు లేదు. పావురం ఆకారమే మాయమై, నడుమ చిన్న బెజ్జమున్న బంతి ఒకటి గిర్రున తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ముప్పై అడుగులు దిగి, టక్కున ఆగి, పైకెగిరి మళ్ళీ జట్టులో కలిసిపోయాయి. అంతకంటే అందమైన దృశ్యం నేనింతవరకు చూడలేదు.

ఇది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ పక్కనున్న డడ్లీలో. ఉద్యోగరీత్యా నాలుగేళ్ళు అక్కడున్నాను. ఆ పావురాలు మా పక్కింటి పెద్దాయనవి. ఫౌండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన గూడు చూడబోతే నాకు ముందు వింతగా తోచినవి తలుపులు. నాలుగు అరలు, నాలుగు తలుపులు. ఈ ఏటి పిల్లలకొకటి, ఏడాది దాటినవాటికొకటి, ముదురు పోతులకొకటి, ముదురు పెట్టలకొకటి. విద్యంతా ఆ తలుపుల్లోనే ఉందని అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

పిల్లిమొగ్గలేసే ఈ పావురాల జాతి పేరు బర్మింగ్‌హామ్ రోలర్. దాని పుట్టుక గురించి తలా ఒక కథ చెబుతారు. తూర్పుదేశాల నుంచి ఓడలో వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడిదైనా, దాన్ని ఇంతటిదాన్ని చేసింది మాత్రం ఆ బొగ్గు గనుల, ఇనుప కొలుముల ప్రాంతపు కష్టజీవులే. వాళ్ళలో బిల్ పెన్సమ్‌ను మించినవాడు లేడని నా నమ్మకం. 1950 ప్రాంతంలో ఆయన అమెరికాకు వెళ్ళి స్థిరపడ్డాడు. అక్కడి మేలిరకం రోలర్లలో చాలావాటి వంశం ఆయన పక్షుల దగ్గరికే చేరుతుంది. ఒక మనిషి చేతి చలవ ఒక ఖండమంతా ఎగురుతోందంటే మాటలా!

మనకూ ఈ విద్య కొత్తది కాదు. పావురాలాటకు అక్బరు ఇష్క్‌బాజీ అని పేరు పెట్టాడు. ఆయన కొలువులో ఇరవై వేలకు పైగా పావురాలుండేవని, మేలైన పావురం 15 చక్కర్లు, 70 మొగ్గలు వేసేదని ఐనె అక్బరీలో అబుల్ ఫజల్ రాశాడు. పూర్వం 11 లేదా 21 పక్షులను ఒక్కసారి వదిలేవారట. బుఖారా నుంచి వచ్చిన ఖుల్ అలీ లాంటి ఉస్తాదుల పేర్లు కూడా చెప్పాడు. సైన్యాధిపతుల పేర్లుండే పుస్తకంలో పావురాలవాళ్ళ పేర్లు! ఆ కాలానికి పనితనం విలువ తెలుసు.

అసలు విషయానికొస్తాను. రోలర్ ఒంటరి పక్షి కాదు. ప్రపంచ కప్ పోటీల్లో జట్టుకు 20 పక్షులు, తీర్పుకు 20 నిమిషాలు. కనీసం అయిదు కలిసి మొగ్గలేస్తేనే లెక్క. ఒక్క పక్షి ఎంత లోతుకు దిగినా దాని లెక్క సున్నా. ఇరవైకి ఇరవై కలిసి దిగితే ఒక్క దెబ్బకు వంద పాయింట్లు. అంటే ఇరవై గుండెలు ఒకే క్షణంలో కొట్టుకోవాలి. వయసు కలవని పక్షులు, జతకోసం తహతహలాడే పక్షులు ఆ పని ఎలా చేస్తాయి?

నెల దాటిన పిల్లను తల్లిదండ్రుల నుంచి విడదీసి, ఈలకు గూట్లోకి రావడం నేర్పుతారు. మూడు నాలుగు నెలలకు అది గాలిలో తోకమీద చతికిలబడ్డట్టు ఆగుతుంది. తర్వాత ఒక మొగ్గ, ఆపైన రెండు. ఒళ్ళు ఇంకా స్వాధీనంలో ఉండదు. దాన్ని ముదురువాటితో వదిలితే, ఆ వేగం అందుకోలేక కిందే ఉండిపోతుంది, ఒంటరిగా తిరగడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు పడ్డ పక్షి ఇక జట్టుకు పనికిరాదు. పైగా పిల్ల పది అడుగులు దిగి తిరిగొచ్చేసరికి ముదురుది ముప్పై దిగి కిందే ఉంటుంది. జట్టు చీలిపోతుంది. పిల్లల్లో మాత్రం ఆడా మగా కలిసే ఉండొచ్చు. ఆరు నెలలదాకా ఏది ఏదో మా పక్కింటి పెద్దాయనకే సరిగ్గా తెలిసేది కాదు.

పోతు గుటగుటలాడుతూ మెడ ఉబ్బించి తిరగడం మొదలుపెట్టిందా, వేరుచేయాల్సిందే. పిల్లలు చేయించడం ముగిశాక జంటలను విడగొట్టి, పోతులకు ఒకరంగు, పెట్టలకు ఒకరంగు కాలి కడియాలు వేసేవాడు. కలిపి ఎగరేస్తే పోతు మొగ్గలు మరిచి పెట్ట వెంటపడుతుంది, చప్పట్లు కొట్టినట్టు రెక్కలాడిస్తుంది. విడిగా ఉంచినా పోతుల అరలో కూర్చునే గడి కోసం కొట్లాటలే. అందుకే పక్షికొక గడి. పెట్టల జట్టు నెమ్మది, కలిసికట్టు. నన్నడిగితే పెట్టల జట్టే జట్టు. ఒకే చిక్కు. పోతు లేకపోతే రెండు పెట్టలు జతకట్టి గుడ్లు పెట్టేస్తాయి. ఆయన రోజూ ఒక్కొక్క పెట్టను ఎడమ అరచేతిలో బోర్లించి, తోక కింద రెండు సన్నని ఎముకల మధ్య వేలు ఆనించేవాడు. ఎముకలు దగ్గరగా, గట్టిగా ఉంటే ఎగరేయొచ్చు. సందు వెడల్పయి మెత్తబడితే గుడ్డు వస్తున్నట్టు. ఆ పెట్టకు సెలవు.

ఆయన మోకాలి ఆపరేషన్‌కు వెళ్ళినప్పుడు రెండు వారాలు గూడు నాకప్పగించాడు. ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఒక పొద్దున పోతులనూ పెట్టలనూ కలిపి వదిలాను, వేలు పెట్టి చూడలేదు. గుడ్డు మోస్తున్న నీలం పెట్ట ఒకటి మొగ్గలో తేరుకోలేక రేకుల కప్పుమీద పడింది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. ఆయన నన్నొక్క మాట అనలేదు. ఆ పెట్ట గడి మాత్రం ఏడాదిపాటు ఖాళీగా ఉంచాడు.

అందుకే ఇప్పటి తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది. నేలదాకా దిగి చచ్చే పక్షిని వీడియో తీసి "లోతు చూడండి" అని అమ్ముతున్నారు. అది రోగం, గొప్పకాదు! ప్రదర్శనల కోసం ఒడ్డూ పొడుగూ పెంచిన షో రోలర్లు ఇంకో మోసం. పేరే రోలర్, పని లేదు. 2007లో అమెరికాలో కొందరు రోలర్ క్లబ్బులవాళ్ళు డేగలను చంపి కేసుల్లో ఇరుక్కున్నారు. డేగ వస్తే పక్షులను లోపల పెట్టుకోవాలిగాని, డేగను చంపే హక్కు ఎవరిచ్చారు? మన దగ్గర ఒక పక్షుల సంతలో పల్టీకొట్టే ప్రతి పావురాన్నీ రోలరంటూ, పిల్లా ముదురూ ఆడా మగా ఒకే బుట్టలో కుక్కి అమ్మడం చూశాను. కొనే పిల్లలారా, దయచేసి పక్షికంటే ముందు తలుపులు కొనండి. పాత చెక్క, వల, నాలుగు మడతబందులు చాలు.

పోయిన నెల పెద్దాయనతో ఫోనులో మాట్లాడాను. మెట్లెక్కలేక ఇప్పుడు పెట్టలను మాత్రమే ఎగరేస్తున్నాడట, పన్నెండు. పోతులన్నిటినీ పక్కవీధి కుర్రాడికిచ్చేశాడు. ఇచ్చేముందు వెళ్ళి వాడి గూడు చూశాడు. ఒకే తలుపు ఉందట. రెండోది బిగించేదాకా పక్షులివ్వలేదు.