గోదా మట్టిలో పట్టూ జారుడూ

మల్లయుద్ధంలో ఒకని బలాన్ని అవతలివాని ఒంటికి చేరవేసేది ఘర్షణే. అది చాలకపోతే ఎంత కండబలమున్నా చేయి జారిపోతుంది, మితిమీరితే పట్టు విడిపించుకోవడం ఎవరికీ సాధ్యం కాక పోరు బిగుసుకుపోతుంది. గోదాను, అంటే కుస్తీ పట్టే మట్టి బరిని, సిద్ధం చేయడంలో వస్తాదులు చూపే శ్రద్ధ అంతా ఈ రెంటి నడుమ స్థితిని నిలబెట్టడానికే.

తిరుమల ఆలయంలో దేవేరులతో కూడి చేతులు జోడించి నిలిచిన విగ్రహంగా భక్తులకు పరిచితుడైన శ్రీకృష్ణదేవరాయలు ఈ విద్యను స్వయంగా సాధన చేసినవాడు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిన ప్రకారం, రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒళ్లంతా పట్టించి, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, ఆ నూనె అంతా చెమటతో బయటికి పోయేదాకా కత్తిసాము చేసి, ఆ తరువాతనే తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడు. ఈ వరుసలోనే శాస్త్రం ఉంది. నూనె పొర నడుమ ఉన్నంతసేపు రెండు చర్మాలు నేరుగా తాకవు కనుక ఘర్షణ గుణకం, అనగా అదిమే బలంలో ఎన్నో వంతు జారుడును అడ్డుకుంటుందో తెలిపే నిష్పత్తి, బాగా పడిపోతుంది. నూనె పోయి కొద్దిపాటి తేమ మిగిలినప్పుడు చర్మం మెత్తబడి ఎక్కువ మేర ఆనుతుంది, అప్పుడు పొడి చర్మానికన్నా పట్టు హెచ్చు. చెమట ధారకడితే మళ్లీ జారుడే. అందుకే మల్లులు పోరు నడుమ గుప్పెడు మట్టి తీసి తమ అరచేతులకూ ప్రత్యర్థి మెడకూ భుజాలకూ రుద్దుతారు. ఆ రేణువులు చెమటను పీల్చుకుని పట్టుకు గరుకుదనం ఇస్తాయి.

గోదా అంటే బురదగుంట కాదు. జల్లెడ పట్టిన మన్నులో నూనె, మజ్జిగ, పసుపు వంటివి కలిపి, నీళ్లు చిలకరించి, పారతో తిరగదోడుతూ ఉంటారు. బంకమన్ను రేణువులు మిల్లీమీటరులో 500వ వంతుకన్నా చిన్నవైన పలుచని పలకలు. వాటి మధ్య చేరిన నీరు కొద్దిగా ఉంటే తలతన్యతతో వాటిని దగ్గరకు లాగి బంధిస్తుంది, ఎక్కువైతే ఒకదానిమీద ఒకటి జారనిస్తుంది. నీటి పాలు పెరిగేకొద్దీ మన్ను పొడిపొడిగా ఉండే దశ నుంచి ముద్దగా, ముద్ద నుంచి పారే ద్రవంగా మారే హద్దులను స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఆటర్‌బర్గ్ 1911లో నిర్వచించాడు. గోదా మన్ను ఆ మొదటి హద్దుకు ఇవతలే ఉండాలి: పిడికిట నొక్కితే ఉండ కట్టాలి, వేలితో మీటితే విడిపోవాలి.

ఆ హద్దుకు అవతలి మన్నును చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ధర్మరాజుల గుళ్ల వద్ద జరిగే భారత ఉత్సవాలలో చూడవచ్చు. దుర్యోధన వధ నాటికి మైదానంలో వెల్లకిలా మలిచే దుర్యోధనుని భారీ మట్టి విగ్రహం నిలవాలంటే, ముద్దగా అయిన మన్ను తన బరువుకు తాను పారిపోకూడదు. ఇలాంటి పదార్థం ఒక కనీస ఒత్తిడిని దాటేవరకు ఘనంలా నిలిచి, దాటగానే ప్రవహిస్తుంది. ఆ కనీసానికి ప్రవాహారంభ ప్రతిబలం అని పేరు పెట్టుకోవచ్చు. విగ్రహాన్ని నిలబెట్టక పడుకోబెట్టడం కథకు తగినదే కాదు, ఎత్తు తగ్గి అడుగు పొరల మీద భారం తగ్గుతుంది కనుక మట్టి స్వభావానికీ తగినదే.

గోదాలో ఈ గుణం ప్రాణరక్షణకు కూడా పనికివస్తుంది. ఎత్తి పడేసిన మనిషి గట్టినేల మీద క్షణంలో ఆగిపోతాడు. గుల్లగా తవ్విన మన్ను అతని వీపు కింద అణిగి పక్కలకు జరుగుతూ ఆగే దూరాన్ని పెంచుతుంది, ఆ దూరం రెట్టింపైతే తగిలే సగటు బలం సగమవుతుంది. నేటి పోటీల పరుపు కూడా దెబ్బను ఆపగలదు గాని, దాని ఘర్షణ అంతటా దాదాపు ఒక్కటే. గోదాలో అడుగడుగునా తేమ మారుతుంది కనుక మల్లుడు కాలి వేళ్లు మట్టిలో గుచ్చి, అది ఎంత భారానికి కదులుతుందో తెలుసుకుని, ఆ తరువాతనే అవతలివానిని ఎత్తడానికి పూనుకోవాలి.