గరిటె పట్టిన సన్యాసి

వంటను చూపించి నీతులు చెప్పడం చాలా సులువు. ఉల్లిపాయ పొరలు అహంకారం, ఉప్పు విశ్వాసం, కుక్కర్లో ఆవిరి కోపం - ఇలా చెప్పుకుంటూ పోతే ప్రసంగం నిండిపోతుంది. తీరా చూస్తే, చెప్పేవారు ఒక్క ఉల్లిపాయైనా తరిగి ఎరుగుదురా అని అనుమానం వస్తుంది!

బ్రదర్ లారెన్స్ పుస్తకం ఆ బాపతు కాదు. దైవసన్నిధిలో మెలగడం ఎలాగో చెప్పే ఈ చిన్న పుస్తకం నిజానికి ఆయన కూర్చుని రాసిందీ కాదు. 1691లో ఆయన పోయాక, బోఫోర్ అనే ఫాదర్ ఆయన ఉత్తరాలూ, తనతో చెప్పిన మాటలూ పోగుచేసి అచ్చు వేయించాడు.

లారెన్స్ అసలు పేరు నికొలా ఎర్మాన్. లొరేన్ ప్రాంతపు పల్లెటూరి మనిషి. కొన్నాళ్ళు సైన్యంలో ఉన్నాడు. ఒక కాలు కుంటి. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరితే తీసుకెళ్ళి వంటింట్లో వేశారు. ఆ పనంటే ఆయనకి బొత్తిగా గిట్టదట! అయినా సుమారు 15 ఏళ్ళు చేశాడు. ద్రాక్షసారా కొనుక్కు రమ్మని బర్గండీ పంపిస్తే, పడవలో నడవలేక పీపాల మీద దొర్లుకుంటూ కదిలాడు. పెనం మీద కోడిగుడ్డట్టు తిరగేసినా దేవుడి మీద ప్రేమతోనే తిరగేస్తానన్నాడు.

గమనించారా? ఆయన అట్టులో నీతి వెతకలేదు. అట్టు అట్టులాగే ఉంది. వేసే మనిషి మనసే మారింది. ఈ పుస్తకం గొప్పంతా అక్కడే ఉంది.

లూకా సువార్తలో మార్త కథ మీకు తెలిసే ఉంటుంది. తాను పనితో సతమతమవుతుంటే, తోబుట్టువు మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుందని మార్త ఫిర్యాదు చేస్తుంది. ప్రభువు మరియనే మెచ్చుకుంటాడు. "బాగానే ఉంది, మరి అన్నం ఎవరు వండుతారు?" అని మనలో చాలామందికి అనిపించకపోదు. మార్త చేతులతో పని చేస్తూనే మరియ మనసుతో ఉండొచ్చని లారెన్స్ బతికి చూపించాడు.

అయితే ఒక కొరత ఉంది. ఈ పుస్తకంలో వంటవాడి మనసు కనపడుతుందిగాని వంటిల్లు కనపడదు. ఆయన రోజూ ఏం వండేవాడో, పొగతో ఎలా వేగేవాడో అడగాలని ఫాదర్‌గారికి తోచినట్టు లేదు. ఇంకో సంగతి - కాలి బాధ ముదిరాక లారెన్స్‌ని కూర్చుని చెప్పులు కుట్టే పనికి మార్చారు. మన ఇళ్ళల్లో కాలు నొచ్చినా, నడుం పట్టేసినా పొయ్యి దగ్గరికి నడవక తప్పుతుందా?

అంచేత ఈ పుస్తకం ఇల్లాలి చేతికిచ్చి, "చూశావా, విసుక్కోకుండా వండాలి" అనడం అన్యాయం. గరిటె పట్టినవాడు చెప్పాడు గనకే ఆ మాటకంత విలువ. ఇంట్లో మగవాళ్ళు కూడా చదవాలి. చదివాక ఓ పూట అట్టు వేసి పెడితే, లారెన్స్ ఇంకాస్త బాగా అర్థమవుతాడు.