ఇరవై రూపాయల బిళ్లలో తుత్తునాగం

ఇరవై రూపాయల నాణెం బరువు 8.54 గ్రాములు. అందులో వెండి లేదు. పన్నెండు పలకల వెలుపలి వలయంలో నూటికి రాగి 65 పాళ్లు, నికెల్ 20, తుత్తునాగం 15. పెళ్లిళ్లలో కానుకగా ఇచ్చే జర్మన్ సిల్వర్ పళ్లేలదీ ఇదే జాతి. మధ్య బిళ్ల రాగి 75, తుత్తునాగం 20, నికెల్ 5 కలిసిన ఒక రకం ఇత్తడి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే, అది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని చర్లపల్లి టంకశాలలో ముద్ర పడిందన్నమాట. 1803లో నిజాం సికందర్ జా కాలంలో పుట్టిన ఈ టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి చేరింది.

చవక లోహంతో నాణెం చేయడం ఈ నేలకు కొత్త కాదు. శాతవాహనులు సీసం నాణేలను దర్జాగా చలామణీ చేశారు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లో అలాంటివి బోలెడు దొరికాయి. నాణెంలోని లోహం ఖరీదు ముఖవిలువను దాటితే జనం దాన్ని కరిగించేస్తారు, అందుకే చిల్లరకు చవక లోహమే క్షేమం.

అయితే చవకైనంత మాత్రాన తుత్తునాగం లొంగే రకం కాదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ కావాలి, తుత్తునాగం 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. గాలి తగిలిందా, తెల్లటి బూడిదై ఎగిరిపోతుంది. కాబట్టి పోత పనివాళ్లు ముందు రాగి కరిగించి, పైన బొగ్గుపొడి కప్పి, తుత్తునాగాన్ని చివర్లో లోపలికంటా ముంచుతారు. పొగలో పోయేదానికి ముందే కొంత ఎక్కువ వేస్తారు. ఈ లోహాన్ని విడిగా తీయడం ఇంకా కష్టం. ఖనిజాన్ని బొగ్గుతో కాలిస్తే వచ్చేది ద్రవం కాదు, ఆవిరి. రాజస్థాన్‌లోని జావర్ పనివాళ్లు ఖనిజం నింపిన మట్టి మూసలను కొలిమిలో తలకిందులుగా నిలిపి, ఆ ఆవిరిని కిందికి దింపి, చల్లని పాత్రల్లో పట్టారు. యూరప్‌లో కర్మాగారాలు పుట్టడానికి కొన్ని శతాబ్దాల ముందటి సంగతి ఇది. లోహవిద్యలో మనవాళ్ల అసలు ఘనత ఏదంటే నేను ముందు దీన్నే చెబుతాను.

త్వరగా ఆవిరయ్యే ఆ గుణమే శుద్ధిలో అక్కరకొస్తుంది. కరిగిన సీసంలో దాగిన వెండిని తీయాలంటే కాస్త తుత్తునాగం కలుపుతారు. వెండికి సీసం కంటే తుత్తునాగంతోనే పొత్తు ఎక్కువ. రెండూ కలిసి తెట్టుగా పైకి తేలతాయి. ఆ తెట్టును తీసి మరిగిస్తే తుత్తునాగం ఆవిరై పోతుంది, మిగిలిన వెండి–సీసాన్ని పుటం పెడితే వెండి చేతికొస్తుంది. 1850లో అలెగ్జాండర్ పార్క్స్ పేటెంట్ పొందిన పద్ధతి ఇది.

టంకశాలలో ముద్ర ఒక్క దెబ్బతో పడుతుంది గానీ, దానికి ముందు రేకు సాగదీయడం, గట్టిపడిన లోహాన్ని కాల్చి మెత్తబరచడం, బిళ్లలు కోయడం, అంచు లేపడం ఉంటాయి. రెండు లోహాల నాణెంలో వలయం, మధ్య బిళ్ల అదే దెబ్బకు ఒకదాన్నొకటి పట్టేస్తాయి. ఇంత పనితనమున్న పది రూపాయల బిళ్లను మన దుకాణాల్లో కొందరు చెల్లదని వెనక్కి నెడుతున్నారు. పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే ప్రకటించింది. మొహమాటపడకుండా ఇవ్వండి, అభ్యంతరం లేకుండా తీసుకోండి.